వంగిన కొక్కెం

ఆ గురువారం పొద్దున వెల్డా క్రౌడర్‌కి వచ్చిన కోపం మామూలు కోపం కాదు. మామూలు కోపమైతే బస్సు స్టీరింగు మీద అరచేత్తో రెండు చరిచి, నోటిదాకా వచ్చిన మాట మింగేసి, తర్వాతి ట్రిప్పుకి బయల్దేరేది. ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపిన మనిషికి కోపం దిగమింగడం ఒకరు నేర్పక్కర్లేదు. ఈ కోపం మాత్రం కడుపులోకి దిగి అక్కడే పీట వేసుకుని కూర్చుంది.

జరిగింది చూడబోతే చాలా చిన్నది. ఒక బేస్‌బాల్ కార్డుల ప్యాకెట్టు. ఆటగాళ్ల ఫొటోలుండే కార్డులు, లోపల ఎవరున్నారో చింపితే గానీ తెలీదు.

ఊరి బయట హైవే పక్కనున్న పెద్ద షాపులో, డబ్బులు కట్టే కౌంటర్లకి ఎదురుగా కార్డుల స్టాండు ఉంటుంది. దానికి వరసలు వరసలుగా ఇనప కొక్కేలు, వాటికి తగిలించిన ప్యాకెట్లు. వాటిని తగిలించేది షాపు వాళ్లు కాదు. గురువారం పొద్దున సప్లై కంపెనీ మనిషి అట్టపెట్టె మోసుకొచ్చి ఒక్కొక్కటే తగిలించి పోతాడు. అతను ఖాళీ పెట్టె మడిచి చంకలో పెట్టుకుని "అయిపోయింది" అనేదాకా ఎవరూ స్టాండు మీద చెయ్యి వెయ్యకూడదు. ఎవరు పెట్టారో తెలీదు గానీ ఆ ఒక్క నియమాన్ని ఎంత దుర్మార్గుడైనా పాటిస్తాడు. ఆ మాట అతని నోట్లోంచి వచ్చాక ఇక నియమాలేమీ ఉండవు.

వెల్డా పెద్ద కార్డుల పిచ్చిదేం కాదు. పొద్దుటి ట్రిప్పు అయ్యాక బస్సు షాపు ముందు ఒక మూల ఆపి, వారానికి ఒక్క ప్యాకెట్టు కొనుక్కుని, డ్రైవరు సీట్లోనే కూర్చుని చింపేది. నచ్చినవి ఇంట్లో చెప్పుల పెట్టెలోకి వెళ్లేవి. రెండోసారి వచ్చినవి పుట్టినరోజు పిల్లల చేతుల్లోకి వెళ్లేవి. అంతే ఆమె సరదా. కానీ ఈ ఏడాది సంగతి వేరు. ఈ ఏడాది కొత్త కార్డుల్లో ఎమ్మెట్ స్లోకమ్ ఉన్నాడు.

ఎమ్మెట్ ఆమె బస్సులో పెరిగిన పిల్లాడు. వెనక సీట్లలో కూర్చుంటే కక్కుకుంటాడని ఒకటో తరగతిలో తెచ్చి తన వెనక మొదటి సీట్లో కూర్చోబెట్టింది. సొంత ట్రక్కు కొనుక్కునేదాకా వాడు ఆ సీటు వదల్లేదు. ఇదే స్టాండులో కొన్న ప్యాకెట్లు పళ్లతో చింపేవాడు. ఆ చిరుగుడు చప్పుడు ఏళ్ల తరబడి ఆమె కుడి చెవి వెనకే వినిపించేది. ఇప్పుడు వాడు పెద్ద లీగులో బంతి విసురుతున్నాడు. కార్డులు ఇకమీదట ఏటా వస్తాయేమో, కానీ మొదటి కార్డు మొదటిదే. అది ఈ స్టాండు మీది ప్యాకెట్లోంచే, తన చేత్తో చింపగా రావాలని వెల్డాకి పట్టుదల. ఇంటర్నెట్‌లో కొనుక్కోరాదూ అని చెల్లెలు అంటే, ఎవడో పట్టిన చేపని సంచిలో వేసుకొచ్చి నేనే పట్టానని చెప్పుకోమంటావా అని కసిరింది.

ఆ గురువారం ఆమె ముందు లాయిడ్ ప్రిచెట్ షాపు తోపుడుబండి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు టైర్లు అమ్మేవాడు. ఇప్పుడు వాడికి ఇదే వ్యాపారం. స్టాండు ఊడ్చేసి, ఆదివారం సంతలో మూడింతలకి అమ్ముతాడు. కార్డుల మీద వాడికి ప్రేమా లేదు, పాడూ లేదు. బంగాళాదుంపలకి గిరాకీ ఉంటే అవే అమ్మేవాడు.

సప్లై మనిషి ఆఖరి వరస తగిలిస్తుంటే వెల్డా ముచ్చటపడి ఫోనులో ఫొటో తీసుకుంది. నిండుగా ఉన్న స్టాండు చూసి ఎన్నాళ్లయింది మరి! "అయిపోయింది" అన్నాడతను. లాయిడ్ మోచేతులు రెక్కల్లా చాపి రెండు చేతులా లాగడం మొదలుపెట్టాడు. వాడి చంక కిందనుంచి చెయ్యి దూర్చి వెల్డా ఒక్క ప్యాకెట్టు సంపాదించింది. అది కొత్త సరుకో పాతదో చూద్దామని, కళ్లజోడు తీయడానికి ప్యాకెట్టుని స్టాండు కింది అంచు మీద పెట్టింది. జోడు పెట్టుకుని చూసేసరికి అంచు ఖాళీ.

"అది నాది," అంది.

"ఏది?" అన్నాడు లాయిడ్, బండిలో సర్దుకుంటూ.

"ఆ పైనున్నది. జోడు తీసుకుందామని ఇక్కడ పెట్టాను."

"స్టాండు మీదుంటే షాపుది, చేతిలో ఉంటే మనది. అంతేగా, మిస్ వెల్డా?" ఆమె బస్సెక్కిన పిల్లలు పిలిచే పిలుపుని వాడు సాగదీసి పలికాడు. "ఆదివారం సంతకి రా. ఎమ్మెట్‌ని పెట్టి ఉంచుతా. మీ బస్సువాడేగా, నీకు కాస్త తగ్గిస్తాలే."

స్టాండు నెత్తిన 'మనిషికి మూడే' అని బోర్డుంది. లాయిడ్ ఒక కౌంటర్లో మూడు కొన్నాడు. నెత్తిమీద టోపీ మార్చి పక్క కౌంటర్లో మూడు కొన్నాడు. మళ్లీ మొదటికొచ్చాడు. కౌంటర్లో ఉన్న బెర్నడీన్ వెల్డాతో కలిసి చదువుకున్న మనిషే. చూస్తున్నావుగా, అడగవేం అని వెల్డా నిలదీసింది.

"నేను టోపీలకి బిల్లు కొడతానే తల్లీ. మొహాలు గుర్తుపెట్టుకోవడానికి వేరే జీతం ఇవ్వట్లేదు," అంది బెర్నడీన్, తల ఎత్తకుండా.

వెల్డా ఖాళీ స్టాండు వైపు మరోసారి చూసింది. రెండో వరసలో ఒక కొక్కెం ఎప్పుడో బండి గుద్దుకుని కిందికి వంగిపోయింది. అది కూడా ఖాళీయే. ఆమె బస్సుకి నడిచి వెళ్లి, డ్రైవరు సీట్లో కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఒళ్లంతా మండుతోంది. వీడికి బుద్ధి చెప్పకపోతే నా పేరు వెల్డా కాదు అనుకుంది. అనుకున్నాక కొంచెం హాయిగా అనిపించింది కూడా.

ఆదివారం సంత జిల్లా మైదానంలో, ఆవుల ప్రదర్శన జరిగే పాకలో. ఎంత కడిగినా గడ్డి వాసన పోదు. వెళ్లకూడదనుకుంటూనే వెల్డా వెళ్లింది. పుండు ఉన్నచోటికే వేలు పోతుంది కదా.

లాయిడ్ టేబులు మీద నల్లగుడ్డ, దాని మీద గట్టి ప్లాస్టిక్ డబ్బీలో ఎమ్మెట్. చెయ్యి వెనక్కి లాగి, దవడ బిగించి, బంతి విసరబోతున్నాడు. లెక్కలు తప్పినప్పుడు బిగించే దవడే అది. పక్కనున్న ధర చీటీ చూస్తే ఆమెకి కళ్లు తిరిగాయి.

టేబులు ముందు అప్పటికే ఒక మనిషి వంగి చూస్తోంది. ఆమె జూన్ స్లోకమ్, ఎమ్మెట్ తల్లి. కెచప్ ఫ్యాక్టరీలో పని. చేతిగోళ్ల అంచులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఒకసారి చేతికిస్తావా, చూసిస్తాను అని జూన్ లాయిడ్‌ని అడుగుతోంది. వేలిముద్రలు పడితే సరుకు పాడవుతుందమ్మా, కొనేవాళ్లకే ఇస్తాను అన్నాడు వాడు. ఆమె ఎవరో వాడికి తెలుసు. తెలిసే అన్నాడు. జూన్ చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకుంది, తప్పు చేసిన పిల్లలా.

వెల్డా ఆమె జబ్బ పట్టుకుని పక్కకి తీసుకెళ్లి, కాగితం గ్లాసులో కాఫీ ఇప్పించింది. కొడుకుని అడిగితే పెట్టెడు పంపడా అంది.

"పంపుతాడు. అడగను," అంది జూన్. "వాడు షాపులో ఆ స్టాండు దగ్గర నిలబడి, అరచేతిలో చిల్లర చెమటపట్టేదాకా పట్టుకుని కొనుక్కునేవాడు. అంతసేపూ నేను కారులో కూర్చుని తొందరగా రారా అని హారను కొట్టేదాన్ని. ఒక్కసారి నేనూ అక్కడ నిలబడి ఒక్కటి కొనుక్కోవాలని ఉంది మిస్ వెల్డా. వాడు దాంట్లో ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు."

మూడు వారాలుగా షిఫ్టు అయ్యాక వెళ్లి చూస్తున్నాననీ, ఎప్పుడు చూసినా ఖాళీ కొక్కేలేననీ చెప్పింది. ఈ గురువారం ఎలాగైనా సెలవు పెడతానంది. ఫ్యాక్టరీలో ఒకమ్మాయి తన ఫోనులో ఏదో చేర్చి పెట్టిందని కూడా చెబుతోంది. వెల్డా ఆ మాట వినలేదు. ఆమె కళ్లు లాయిడ్ మీదే ఉన్నాయి. వాడు డబ్బీని చేతిరుమాలుతో తుడుస్తున్నాడు, తల్లి చూపు కూడా మరకే అన్నట్టు. అప్పటిదాకా ఒక్క ప్యాకెట్టు కోసం ఉన్న పగ అక్కడ ఇద్దరి తరఫు పగ అయింది. ఇది నా కోసం మాత్రమే కాదు అనుకుంది వెల్డా. అలా అనుకున్నవాళ్లకి ఇక చెయ్యి వణకదు.

ఆ జిల్లాలో కార్డులు కొనేవాళ్లందరికీ ఫోనులో ఒక గుంపు ఉంది. ఏ షాపులో సరుకు పెట్టినా, చూసినవాళ్లు ఫొటో తీసి అందులో పెట్టాలి. అబద్ధం పెట్టకూడదు. అబద్ధం పెట్టినవాడిని గుంపులోంచి గెంటేస్తారు, ఆపైన ఏ స్టాండు దగ్గరా ఎవరూ పలకరించరు. లాయిడ్ సగం వ్యాపారం ఆ గుంపు చూసే చేస్తాడని వెల్డాకి తెలుసు. తను అందులో చేరి ఏళ్లయినా ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. అక్కడ ఆమె పేరు కనబడదు, నంబరే కనబడుతుంది. బుధవారం సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, చల్లారిపోయిన సూపు ముందు పెట్టుకుని, పోయిన వారం తీసిన ఆ నిండు స్టాండు ఫొటో ఫోనులో తెరిచి చూసుకుంది. వాక్యం రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. వాడు ముప్పావు గంట దూరంలో ఉన్న లైమా ఊరిదాకా రేపటి వానలో వెళ్తాడు, ఖాళీ స్టాండు చూస్తాడు, తిరిగి ఇక్కడికొచ్చి ఇంకో ఖాళీ స్టాండు చూస్తాడు. ఆ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని సూపు వేడి చేసుకుని రెండు గిన్నెలు తాగింది.

గురువారం తెల్లారేసరికి కుండపోత. వెల్డా ఎప్పటిలాగే టైర్లు తన్ని చూసి, లైట్లు చూసి, అద్దాలు తుడిచి బయల్దేరింది. పిల్లల్ని స్కూల్లో దింపి, ఆఖరివాడు తలుపు దాటగానే ఫోను తీసింది. 'లైమా, హైవే షాపు. ఇప్పుడే నింపారు. ఇంకా ఎవరూ రాలేదు.' కింద ఫొటో. బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కింది. వెంటనే గుంపులో ఒకరి తర్వాత ఒకరు బయల్దేరుతున్నామని పెట్టారు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి అని ఎవరో పెట్టారు. ఎవరా అని ఆమె చూడలేదు. అప్పటికే బస్సు తిప్పుతోంది.

షాపులో స్టాండు ముందు సప్లై మనిషి తప్ప పిట్ట లేదు. ఇవాళ మీవాళ్లంతా ఏమయ్యారు అని అతను ఆశ్చర్యపోయాడు. వానకి జడిసినట్టున్నారు అంది వెల్డా. "అయిపోయింది" అని అతను పెట్టె మడిచి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో మొదటిసారి నిండు స్టాండు ముందు ఆమె ఒక్కతే నిలబడింది.

మూడు తీసుకుంది. మూడు చాలు అనుకుంది కూడా. కౌంటర్లో డబ్బు కట్టి గుమ్మందాకా వచ్చింది. అక్కడ కాళ్లు ఆగాయి. వాడు గంటన్నరలో తిరిగొస్తాడు. వచ్చేసరికి ఇన్ని ప్యాకెట్లు కొక్కేలకి వేలాడుతూ ఉంటే తను చేసిందానికి అర్థమేముంది? ఎదురుగా పళ్లెం పెట్టి వడ్డించినట్టే కదా. ఒక్కటి కూడా మిగలకూడదు.

వెనక్కి వెళ్లి ఇంకో మూడు తీసుకుని పక్క కౌంటర్లో కట్టింది. బస్సుకి వెళ్లి పసుపు వానకోటు తొడుక్కుని వచ్చి మూడు. కోటు తీసి, తలకి రుమాలు కట్టుకుని మూడు. ప్రతిసారీ నవ్వు వస్తోంది. చిన్నప్పుడు దొంగతనంగా పక్కింటి చెట్టెక్కినప్పటి సంతోషం. వంగిన కొక్కెం మీది ప్యాకెట్టు మాత్రం ఇరుక్కుని రాలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక మూల చినిగినా వదలకుండా, లాగి తీసుకుంది.

"ఈ వారం టోపీ నీదన్నమాట," అంది బెర్నడీన్, బిల్లు కొడుతూ.

వెల్డాకి ఆ మాట చురుక్కుమంది. మళ్లీ రాకపోతే సరి అనుకుని సర్దుకుంది.

సంచి నిండింది. దాన్ని డ్రైవరు సీటు పక్కన పెట్టుకుని, తలుపు తెరిచే ఉంచి, వాన చూస్తూ కూర్చుంది. పిల్లల్ని మళ్లీ తీసుకురావడానికి చాలా టైముంది. ప్యాకెట్లు చింపలేదు. ముందు లాయిడ్ మొహం చూడాలి, తర్వాత ఎమ్మెట్ మొహం. వరస అలాగే ఉండాలి.

లాయిడ్ వచ్చాడు. కానీ లైమా వైపు నుంచి రాలేదు. తాపీగా, చేతిలో కాఫీతో, వ్యాను ఆమె బస్సు పక్కనే ఆపాడు. వెనక తలుపు తెరిచి చూపించాడు. రెండు అట్టపెట్టెల నిండా ప్యాకెట్లు.

"ఫిండ్లే ఊళ్లో షాపుకి వెళ్లొచ్చా," అన్నాడు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి. "ప్రతి గురువారం అక్కడ కొట్టుకు చస్తారు. ఇవాళ ఒక్కడు లేడు. అందర్నీ లైమా తోలేశావుగా."

వెల్డా సంచిని తనవైపు లాక్కుంది.

"ఫొటో మార్చాల్సింది మిస్ వెల్డా. పోయిన వారం నా పక్కన నిలబడి తీసిందే పెట్టావు. రెండో వరసలో వంగిన కొక్కెం. వారం వారం దాంతోనే నా వేళ్లు గీసుకుంటాయి, గుర్తుపట్టనా? లైమా స్టాండు కొత్తది, తిన్నగా ఉంటుంది. రోజూ స్టాండ్ల చుట్టూ తిరిగేవాడెవడూ ఆ ఫొటోని నమ్మడు. ఎప్పుడో ఒక్కటి కొనుక్కునే అమాయకులే నమ్ముతారు." వంగి ఆమె సంచిలోకి తొంగిచూశాడు. చూపులో ఎగతాళి పోయి, అదోరకం ఆప్యాయత వచ్చింది. అది ఎగతాళికన్నా అన్యాయంగా ఉంది. "మొత్తం ఊడ్చేశావే! నేను గుంపులో ఎవరికీ చెప్పన్లే. మన బాపతువాళ్లని మనం పట్టించుకోం. వచ్చే వారం నా పక్కన నిలబడు, చోటిస్తా."

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకి. కానీ ఏ మాట అని కొడుతుంది? వాడు కాఫీ గుటక వేసి, ఈలవేసుకుంటూ వెళ్లిపోయాడు. కొండంత కోపం పెట్టి గురిచూసి కొడితే వాడికి మెడలో దండ పడింది. వెల్డాకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడిపోయినందుకు కాదు, 'మన బాపతు' అన్నందుకు.

ఆ నీళ్లు తుడుచుకుంటుండగా ఒక పాత కారు వచ్చి షాపు ముందు ఆగింది. దానికి ఒకవైపు వైపరే ఆడుతోంది. జూన్ దిగి, సంచి నెత్తిన పెట్టుకుని షాపులోకి పరిగెత్తింది. లోపల ఎంతోసేపు లేదు. బయటికొచ్చి చూరు కింద నిలబడి, బస్సు చూసి గుర్తుపట్టి, నవ్వుతూ వచ్చి మెట్లెక్కింది. తడిసి ముద్దయి ఉంది. ఎమ్మెట్ కూర్చునే మొదటి సీట్లో కూలబడింది.

"నా మొహాన రాసిపెట్టి లేదు మిస్ వెల్డా," అంది. "ఇక్కడికే బయల్దేరాను పొద్దున. దారిలో ఉండగా ఫోనులో వచ్చింది, లైమాలో ఉన్నాయి, ఎవరూ లేరు అని. పాపం ఎవరో మంచిమనిషి ఫొటో కూడా పెట్టారు. దేవుడు చల్లగా చూడాలని రాసి, బండి అటు తిప్పా. ఈ వైపరుతో, ఆ లారీల మధ్య... వెళ్తే ఏమీ లేదు. నా వెనక ఇంకా నలుగురొచ్చారు, ఒకాయన చేతికర్రతో. నేను చేరేలోపే అయిపోయి ఉంటాయి. పెట్టినవాళ్ల తప్పేముంది?"

వాన బస్సు కప్పు మీద చప్పుడు చేస్తోంది. వెల్డా ముందున్న పెద్ద అద్దంలో జూన్ మొహం కనబడుతోంది. ఇన్నేళ్లూ వెనక సీట్లలో ఎవడు ఎవడి జుట్టు లాగాడో, ఎవడు అబద్ధమాడాడో ఆ అద్దంలోనే పట్టుకునేది. ఇప్పుడు ఆ అద్దంలో జూన్ మొహం పక్కనే తన మొహం కూడా ఉంది.

ఒక్కటి తీసి, ఇదుగో ఎక్కువ కొన్నాను అని ఇచ్చేస్తే సరిపోతుంది. ఆమెకి తెలియదు, ఎవరూ చెప్పరు. వెల్డా చెయ్యి సంచిలోకి వెళ్లింది కూడా. కానీ సంచి బరువుకి పక్కకి ఒరిగింది. ప్యాకెట్లు ఒకదాని మీద ఒకటి జారి, నడవ రబ్బరు మీద జూన్ తడి బూట్ల దాకా పరుచుకున్నాయి.

జూన్ వాటిని చూసింది. షాపు వైపు చూసింది. మళ్లీ వాటిని చూసింది.

"ఇవన్నీ నువ్వే కొన్నావా?"

"లాయిడ్‌కి దక్కకూడదని," అంది వెల్డా.

"నాకూ దక్కలేదుగా," అంది జూన్.

గొంతు పెంచలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. ఆ మాటకి వెల్డాలో దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. లైమా ఫొటో పెట్టింది తనేనని చెప్పింది. వాడి మీద కోపంతో చేశానంది. ఆదివారం నిన్ను చెయ్యి పెట్టనివ్వలేదే, దానికి కూడా కలిపి చేశానంది. చెబుతుండగానే ఆ ఆఖరి మాట ఎంత సిగ్గులేనిదో ఆమెకే తెలిసింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినవాళ్లయినా అది దుత్త మేలుకేనని చెప్పరు.

జూన్ కిటికీ వైపు తిరిగి తడి జుట్టు పిండుకుంది. తిడుతుందని వెల్డా ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"ఎమ్మెట్‌కి నువ్వంటే ఎంత గౌరవమో తెలుసా," అంది చివరికి. "మిస్ వెల్డా అద్దంలో చూస్తే అబద్ధం చెప్పలేమమ్మా అనేవాడు."

వంగి ఒక ప్యాకెట్టు తీసుకుంది, ఆ మూల చినిగినదే. అన్నీ నీవే తీసుకో జూన్, నాకు ఒక్కటీ వద్దు అని వెల్డా బతిమాలింది. జూన్ తల అడ్డంగా ఊపింది. పర్సు తీసి, షాపు ధర ఎంతో అంతా చిల్లరతో సహా లెక్క చూసి, డ్రైవరు సీటు పక్కన పెట్టింది.

"నేను కొనుక్కుంటానన్నాను. ఊరికే తీసుకుంటానన్లేదు," అంది. మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయింది.

వెల్డా తలుపు మూయలేదు. బస్సు పక్కనుండే పొడుగాటి అద్దంలో జూన్ కారు కనబడుతోంది. లోపలి దీపం వెలిగింది. జూన్ ప్యాకెట్టుని రెండు చేతులా పట్టుకుని చూసింది. తర్వాత నోటి దగ్గర పెట్టుకుని, పళ్లతో చింపింది. ఒక్కో కార్డూ తీసి ఒళ్లో పెట్టుకుంటోంది. ఒకటి, ఇంకొకటి. ఒక కార్డు దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాన్ని దీపం కిందికి ఎత్తి పట్టుకుంది. అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వానలో తెలియడం లేదు.

వెల్డా సీట్లోంచి సగం లేచి నిలబడింది. పిలుస్తుందేమో, చెయ్యి ఊపుతుందేమో, కనీసం ఈ వైపు చూస్తుందేమో అని చూసింది. పదేళ్లు తన వెనక కూర్చున్న పిల్లాడు అక్కడ, నాలుగు అంగల దూరంలో, తను లాగి తెచ్చిన ప్యాకెట్లోంచి బయటికొచ్చాడు.

కారులో దీపం ఆరిపోయింది. ఒంటి వైపరు ఆడిస్తూ కారు హైవే ఎక్కింది.

వెల్డా మోకాళ్ల మీద కూర్చుని నడవలో పడ్డ ప్యాకెట్లు ఏరింది. వాటిని షాపుకి తీసుకెళ్లి బెర్నడీన్ ముందు పెట్టింది. కార్డులు వాపసు తీసుకునేది లేదని నీకు తెలుసుగా అంది బెర్నడీన్. డబ్బు వద్దు, తగిలించనివ్వు చాలు అంది వెల్డా. బెర్నడీన్ మొదటిసారి తలెత్తి ఆమె మొహం చూసి, స్టాండు వైపు చెయ్యి చూపింది.

వెల్డా ఒక్కొక్కటే కొక్కేలకి తగిలించింది. వంగిన కొక్కేన్ని తిన్నగా చేద్దామని రెండు చేతులా లాగింది. అది రాలేదు.